మొక్క కణం లోపల ఏముంది, ఏది ఏం చేస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ బైపీసీ పిల్లలకు బాటనీ చెప్తుంటాను. కణం పాఠం మొదలైందంటే చాలు, ఏటా అవే ప్రశ్నలు వస్తాయి. కొన్ని పిల్లలు అడుగుతారు, కొన్ని వాళ్ల అమ్మానాన్నలు అడుగుతారు, అప్పుడప్పుడు వ్యవసాయం చేసుకునే మా చుట్టాలు కూడా అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. చాలామందికి ఈ పాఠం పేర్ల పట్టికలాగే పరిచయం అవుతుంది, దాంతో మొదటి రోజే టెన్షన్ పట్టుకుంటుంది. నేను క్లాసులో చెప్పేది ఒకటే: కణాన్ని చాలా గదులున్న ఇల్లు అనుకోండి. ఏ గదిలో ఏం దాచిపెట్టారు, మధ్య గోడ పగిలితే ఏమవుతుంది అని అడుగుతూ పోండి. సగం జవాబులు మన వంటింట్లోనే దొరుకుతాయి.

మొక్క కణంలో ఏమేం ఉంటాయో ముందు ఒక్కసారి చెప్పేయండి.

బయట గట్టి కణకవచం. దాన్ని లోపలినుంచి అంటుకుని పల్చటి కణత్వచం. దాని లోపల జిగురుజిగురుగా ఉండే కణద్రవ్యం, అందులో కేంద్రకం, హరితరేణువులు, మైటోకాండ్రియా, రైబోసోములు, అంతర్జీవద్రవ్య జాలం, గాల్జీ సంక్లిష్టం, పెరాక్సిసోములు. వీటన్నిటినీ పక్కకు నెట్టేసి మధ్యలో పెద్ద రిక్తిక. ఇంగ్లిష్ మీడియం పిల్లలు దీన్నే వాక్యూల్ అంటారు. జంతు కణంతో పోలిస్తే మొక్కకు ప్రత్యేకంగా ఉన్నవి మూడు అని గుర్తుపెట్టుకోండి: కణకవచం, ప్లాస్టిడ్‌లు (హరితరేణువులు వీటిలో ఒక రకం), పెద్ద రిక్తిక. మొక్క తీరు ఎందుకలా ఉంటుందన్నది చాలావరకు ఈ మూడే చెప్తాయి, అందుకే ఈ పేజీలో వాటికే ఎక్కువ చోటిచ్చాను.

ఇవన్నీ కళ్లతో చూడొచ్చా? ల్యాబ్ లేకపోతే ఎలా?

అన్నీ కనిపించవు. కణకవచం, కేంద్రకం, హరితరేణువులు మామూలు మైక్రోస్కోప్‌లో చక్కగా కనిపిస్తాయి. రైబోసోములు, జాలం, గాల్జీ లోపలి నిర్మాణం చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి.

ఉల్లిపాయతో మొదలుపెట్టండి. పాయను నాలుగు ముక్కలు చేసి ఒక పొర విడదీయండి. ఆ పొర లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు, గోరుతో అంచు పట్టుకుని లాగితే పల్చటి తెర లాంటిది వస్తుంది. దాన్ని స్లైడ్ మీద నీటిచుక్కలో ముడత పడకుండా పరచండి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయొడిన్‌ని నీళ్లలో కలిపి ఒక్క చుక్క వేయండి, కవర్ స్లిప్‌ని ఒక పక్కనుంచి వాలుగా మెల్లగా దించండి. ఒక్కసారిగా వదిలితే గాలిబుడగలు చిక్కుకుంటాయి, పిల్లలు నల్లటి అంచున్న ఆ బుడగలనే కణాలనుకుని గీసేస్తారు. సరిగ్గా కుదిరితే పొడవాటి గదులు వరుసగా కనిపిస్తాయి, ఒక్కో గదిలో ఒక్కో గోధుమరంగు చుక్క. ఆ చుక్క కేంద్రకం. అది మధ్యలో కాకుండా గోడకు ఆనుకుని ఎందుకుందో గమనించండి. మధ్యలో ఉన్నదంతా రిక్తిక. అది మీకు కనపడదు గానీ, కేంద్రకాన్ని అంత పక్కకు తోసింది అదే.

నేను చదువుకున్న స్కూల్లో మైక్రోస్కోప్ బీరువాలోనే ఉండేది. కణాన్ని మొదటిసారి చూసింది డిగ్రీకొచ్చాక. పదేళ్లు ఆలస్యమైందన్న బాధ నాకింకా ఉంది. అందుకే మీ ఊరి స్కూల్లో మైక్రోస్కోప్ ఉంటే బయటికి తీయించమని అడగండి. లేకపోతే కాగితంతో మడిచి చేసుకునే ఫోల్డ్‌స్కోప్ ఉంది, స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే మను ప్రకాశ్ బృందం 2014లో దాన్ని లోకానికి చూపించింది. ఉల్లిపొరకు అది సరిపోతుంది.

ఉల్లిపొరలో పచ్చరంగు ఎందుకు కనపడదు? మొక్క కణమే కదా?

అది వెలుగు తగలని భాగం, ఆహారం దాచుకునే చోటు. అక్కడ హరితరేణువులతో పనిలేదు. మొక్క కణం అనగానే పచ్చగా ఉండాలన్నది తప్పు. వేరు కణాల్లో కూడా ఉండవు. అదే ఉల్లికాడ తీసుకోండి, నిండా హరితరేణువులే.

కణాన్ని ముందు ఎవరు చూశారు?

రాబర్ట్ హుక్, 1665లో. ఆయన చూసింది బెండుముక్క, అంటే చెట్టు బెరడు. అందులోని కణాలు ఎప్పుడో చనిపోయాయి, మిగిలినవి ఖాళీ గోడలే. ఆ చిన్న చిన్న గదుల్ని చూసే సెల్ అని పేరు పెట్టాడు. కేంద్రకానికి ఆ పేరు పెట్టింది రాబర్ట్ బ్రౌన్, 1831లో, ఆర్కిడ్ మొక్కల్లో చూసి. ఇద్దరి పేరూ రాబర్టే కావడంతో పిల్లలు తారుమారు చేస్తుంటారు. బెండు హుక్‌ది, ఆర్కిడ్ బ్రౌన్‌ది.

కణకవచం, కణత్వచం ఒకటేనా?

కాదు. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. కణత్వచం ప్రాణమున్న పొర, కొవ్వు, ప్రొటీన్లతో తయారైంది, ఏది లోపలికి రావాలో ఏది బయటికి పోవాలో అదే చూసుకుంటుంది. కణకవచం దాని బయట ఉండే గోడ. సెల్యులోజ్ దారాలు, వాటిని కలిపే హెమిసెల్యులోజ్, పెక్టిన్. నీళ్లు, ఉప్పు, చక్కెర లాంటివి ఈ గోడలోంచి ఇట్టే వెళ్లిపోతాయి. దాని పని కణానికి ఆకారమివ్వడం, ఎంత నీరు నిండినా పగలకుండా కాయడం.

రెండు పక్కపక్క కణాల గోడల మధ్య మధ్యపటలిక అని ఒక పొర ఉంటుంది, దాదాపు అంతా కాల్షియం కలిసిన పెక్టిన్. ఇటుకల మధ్య సిమెంటు ఎలాగో ఇదలాగ. పచ్చి జామకాయ కటుక్కుమంటుంది, అదే వారం ఆగితే వేలు పెడితే దిగుతుంది. పండేటప్పుడు ఎంజైములు ఈ పెక్టిన్‌ని కరిగించేస్తాయి, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. మామిడి, బొప్పాయి మెత్తబడటమూ ఇంతే. జామ తింటుంటే పంటికింద ఇసకలాగ తగులుతుందే, గింజ కాదు, గుజ్జులోనే, అవి రాయికణాలు. లిగ్నిన్ అనే గట్టి పదార్థం పేరుకుని గోడ బాగా మందమైపోయి, లోపల ప్రాణం పోయి, గోడ మాత్రం మిగిలిన కణాలు. టేకు దుంగ బలమూ ఇలాంటి చనిపోయిన కణాల గోడలదే.

అంత గట్టి గోడ కట్టుకుంటే పక్క కణంతో సంబంధం ఎలా?

గోడల్లో సన్నటి దారులుంటాయి, ప్లాస్మోడెస్మేటా అంటారు. ఒక కణం కణద్రవ్యం ఆ దారిలోంచి పక్క కణం కణద్రవ్యంతో కలిసే ఉంటుంది. చక్కెరలు, సంకేతాలు ఇచ్చిపుచ్చుకునేది అక్కడే. 1879లో ఎడ్వర్డ్ టాంగల్ వీటిని మొదట వర్ణించాడు. మొక్కల వైరస్‌లకూ ఇదే దొడ్డిదారి. పొగాకు మొజాయిక్ వైరస్ తన సొంత ప్రొటీన్‌తో ఈ దారుల్ని వెడల్పు చేసుకుని మరీ పక్క కణంలోకి జారుకుంటుంది. మొక్కకు ఒకచోట వైరస్ సోకితే కొన్నాళ్లకు లేత ఆకులన్నీ మచ్చలు పడటం వెనక సంగతి ఇది.

రిక్తిక అంటే ఖాళీ అని కదా అర్థం? ఖాళీ సంచికి పనేముంటుంది?

పేరు చూసి మోసపోకండి. మైక్రోస్కోప్‌లో ఖాళీగా కనపడిందని పాతకాలంలో అలా పెట్టారు. ముదిరిన మొక్క కణంలో 90 శాతం దాకా చోటు దీనిదే. చుట్టూ టోనోప్లాస్ట్ అనే పొర, లోపల నీళ్లు, లవణాలు, చక్కెరలు, ఆమ్లాలు, రంగులు, విషాలు. నన్నడిగితే మొక్క కణంలో అందరూ తక్కువగా చూసే భాగం ఇదే, చెప్పుకోవాల్సింది మాత్రం బోలెడంత ఉన్న భాగమూ ఇదే.

మొదటి పని, మొక్కను నిలబెట్టడం. రిక్తికలో నీరు నిండి గోడను లోపలినుంచి నెడుతుంది, దాన్ని స్ఫీత పీడనం అంటారు. చాలా ఆకు కణాల్లో ఈ ఒత్తిడి కారు టైరులో గాలి ఒత్తిడికి రెండు మూడు రెట్లుంటుంది. మార్కెట్ నుంచి తెచ్చిన కొత్తిమీర కట్ట మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తే, కాడలు నీళ్లలో పెట్టి ఓ గంట ఆగి చూస్తే మళ్లీ లేచి నిలబడుతుంది. కణాలు చనిపోలేదు, రిక్తికలు నీళ్లు తగ్గి వదులయ్యాయంతే. అత్తిపత్తి ఆకు ముట్టుకోగానే ముడుచుకోవడం కూడా ఇదే. ఆకుకాడ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోట ఒకవైపు కణాలు పొటాషియం బయటికి వదులుతాయి, వెంటనే నీళ్లూ వెళ్లిపోతాయి, ఆకు వాలిపోతుంది. పది, ఇరవై నిమిషాలకు నీళ్లు తిరిగొస్తాయి, ఆకు విచ్చుకుంటుంది.

రెండోది, దాచుకోవడం. నిమ్మకాయ పిండితే వచ్చే రసం చాలావరకు రిక్తికల్లోని నీరే, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2.5 దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని చుట్టుకుని ఉన్న కణద్రవ్యం మాత్రం 7కు కాస్త పైన. మధ్యలో ఉన్నది కంటికి కనపడని ఒక్క పొర! ఆ పొర తెగితే కణం తన పులుపుకు తానే చచ్చిపోతుంది. గోంగూర పులుపూ అలా దాచిపెట్టిందే. శంఖుపువ్వు నీలం, వంకాయ తొక్క ఊదా, బీట్‌రూట్ ఎరుపు, ఇవన్నీ రిక్తికలోని నీళ్లలో కరిగి ఉన్న రంగులు. శంఖుపూలు వేడినీళ్లలో వేసి నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి, నీలం కాస్తా ఊదాకు తిరుగుతుంది.

పచ్చడికి మామిడి ముక్కల్లో ఉప్పు వేస్తే ఊట ఎక్కడినుంచి వస్తుంది?

ఈ ప్రశ్న అడిగింది ఒక అమ్మాయి వాళ్లమ్మ, నాకెంతో నచ్చింది. పాఠంలో ద్రవాభిసరణం, కణద్రవ్య సంకోచం అని చెప్పేదాన్ని ఆవిడ ఏటా ఎండాకాలంలో జాడీలో చూస్తూనే ఉన్నారు.

మాగాయకు ముక్కలు కోసి ఉప్పూ పసుపూ కలిపి జాడీలో మూడు రోజులు ఉంచుతాం. మొదటి రోజు పొద్దున పొడిగా ఉన్న ముక్కలు సాయంత్రానికే చెమ్మగిల్లుతాయి, మూడో రోజుకు ముక్కలు మునిగేంత ఊట. ఒక్క చుక్క నీళ్లు మనం పోయలేదు. బయట ఉప్పు చిక్కగా ఉంది, లోపల రిక్తికల్లో పల్చగా ఉంది, కాబట్టి నీళ్లు బయటికి పరుగెత్తుతాయి. రిక్తిక కుంచించుకుపోతుంది, దానితోపాటు కణత్వచం గోడను వదిలి లోపలికి జరిగిపోతుంది. కొద్దిసేపటికి కణం చనిపోతుంది, పొరలు తెగుతాయి, మిగతా పులుపంతా ఊటలో కలుస్తుంది. మూడో రోజు ముక్క పిండి ఎండబెట్టేటప్పుడు చేతిలో మెత్తగా వంగుతుంది కదా, అది నీరు పోయిన కణాల వదులు. ముక్క మాత్రం జావ కాకుండా ముక్కలాగే ఉంది చూశారా, గోడలు ఉన్నచోటే ఉన్నాయి.

ల్యాబ్‌లో దీన్నే రియో అనే కుండీ మొక్క ఆకు అడుగున ఉండే ఊదా పొరతో చేయిస్తాం. చిక్కటి ఉప్పునీళ్లు వేస్తే ఊదారంగు గోడ నుంచి విడివడి నడుమ ఉండలాగ చేరుతుంది. కణం చనిపోకముందే మంచినీళ్లతో కడిగితే మళ్లీ నిండుతుంది.

ఉల్లిపాయ కోస్తేనే కళ్లు మండుతాయి, బుట్టలో ఉంటే మండవు. ఎందుకు?

గదులు వేరుగా ఉన్నాయి కాబట్టి. గంధకం కలిసిన పదార్థం కణద్రవ్యంలో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైమ్ రిక్తికలో ఉంటుంది. కత్తి పడగానే పొరలు తెగి రెండూ కలుస్తాయి, ఘాటైన వాయువు పుట్టి కంట్లో పడుతుంది. పురుగు కొరికినా ఇదే జరుగుతుంది, మొక్కకు కావలసిందీ అదే.

ఆవాలూ అంతే. ఎంజైమ్ కొన్ని కణాల్లో, ఘాటుకు మూలమైన పదార్థం వేరే కణాల్లో. ఆవగింజ నోట్లో వేసుకుని మింగితే ఏమీ తెలియదు, ఆవాలు నీళ్లు చిలకరించి నూరితే ముక్కు అదిరిపోతుంది. పోపులో వేయించిన ఆవాలకు ఆ ఘాటు ఎందుకు రాదంటే వేడికి ఎంజైమ్ పాడైపోతుంది, తర్వాత ఎంత నమిలినా రెండూ కలిసి చేసేదేమీ ఉండదు. అందుకే ఆవపెట్టిన కూరకు పచ్చి ఆవాలే నూరి చివర్లో కలుపుతారు.

చామదుంప, కంద దురద కూడా కణంలోదేనా?

అవును. ఆ దుంపల్లో కొన్ని ప్రత్యేక కణాల రిక్తికల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులు కట్టలు కట్టలుగా ఉంటాయి. రాఫైడ్‌లు అంటారు. చర్మానికి గానీ నాలుకకు గానీ అవి గుచ్చుకుంటాయి, వాటితోపాటు చికాకు పెట్టే ప్రొటీన్లూ లోపలికి వెళ్తాయి. చేతికి నూనె రాసుకుని తొక్క తీయడం, బాగా ఉడికించడం, చింతపండు పులుసులో వండటం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతులు. పచ్చి దుంప ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే సూదుల కట్ట ఎంత ముద్దుగా పేర్చినట్టుంటుందో, ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోరు.

హరితరేణువు లోపల ఏం జరుగుతుంది? క్లుప్తంగా చెప్పండి.

క్లుప్తంగా చెప్పడం నావల్ల కాదు గానీ ప్రయత్నిస్తాను. 5 నుంచి 10 మైక్రోమీటర్ల పొడవు, పెసరబద్దలాంటి ఆకారం, చుట్టూ రెండు పొరలు. లోపల థైలకాయిడ్‌లు అనే చదునైన సంచులు నాణేల దొంతరల్లాగ ఉంటాయి, ఒక్కో దొంతర గ్రానమ్. వాటి చుట్టూ ఉన్న ద్రవం స్ట్రోమా. పని రెండు గదుల్లో రెండు విడతలుగా సాగుతుంది. థైలకాయిడ్ పొరలో పత్రహరితం ఎండను పట్టుకుని నీటిని విడగొడుతుంది, మనం పీల్చే ఆక్సిజన్ ఆ నీటిలోదే, కార్బన్ డయాక్సైడ్‌లోది కాదు. అక్కడ తయారైన ఏటీపీని, ఎన్ఏడీపీహెచ్‌ని (రెండూ శక్తిని మోసే అణువులు) స్ట్రోమా తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌తో చక్కెర కడుతుంది. ఆ కట్టే ఎంజైమ్ పేరు రుబిస్కో, ఆకు ప్రొటీన్‌లో చాలా పెద్ద వాటా దానిదే.

మొక్కజొన్న రైతులు కలుపుకి కొట్టే అట్రాజిన్ మందు పనిచేసేది ఈ థైలకాయిడ్ పొర మీదే. అక్కడ ఎలక్ట్రాన్ల ప్రవాహానికి అడ్డుపడుతుంది, కలుపు మాడిపోతుంది. మరి మొక్కజొన్న ఎందుకు మాడదు? మందును విరిచేసే ఎంజైములు దానికున్నాయి. మా మేనమామ ఈ సంగతి విని, ముప్పై ఏళ్లుగా కొడుతున్నా ఇది ఎవరూ చెప్పలేదురా అన్నాడు.

హరితరేణువుకు సొంత డీఎన్ఏ ఉంటుందట, నిజమా?

నిజం. గుండ్రటి డీఎన్ఏ, బ్యాక్టీరియా తరహాలో 70ఎస్ అనే చిన్న సైజు రైబోసోములు, రెండుగా చీలి సంఖ్య పెంచుకోవడం, అన్నీ ఉన్నాయి. 1986లో పొగాకు హరితరేణువు డీఎన్ఏ మొత్తం చదివారు, లక్షన్నరకు పైగా బేస్ జతలు. ఒకప్పుడు విడిగా బతికిన సయనోబ్యాక్టీరియా (ఎండతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా) మరో కణంలోకి చేరి అక్కడే ఉండిపోయి హరితరేణువు అయిందన్నది ఇవాళ అందరూ ఒప్పుకునే మాట. రష్యా శాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ 1905లోనే ఈ మాట అన్నాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1967లో అమెరికాలో లిన్ మార్గులిస్ మళ్లీ బలంగా చెప్పింది, తర్వాత డీఎన్ఏ ఆధారాలు వచ్చాయి. అయితే అది ఇప్పుడు బయటికి వెళ్లి సొంతంగా బతకలేదు, దాని జన్యువుల్లో చాలామటుకు కేంద్రకంలోకి వెళ్లిపోయాయి.

పచ్చి టమాటా ఎర్రబడినప్పుడు హరితరేణువులు ఏమవుతాయి?

ఎక్కడికీ పోవు, వేషం మారుస్తాయి. పత్రహరితం విరిగిపోతుంది, థైలకాయిడ్‌లు చెదిరిపోతాయి, లైకోపీన్ అనే ఎరుపు పేరుకుంటుంది. ఇప్పుడు దాని పేరు క్రోమోప్లాస్ట్. పచ్చిమిర్చి పండుమిర్చి కావడమూ ఇంతే. బంగాళదుంపలో ఇవే పిండిపదార్థం దాచే అమైలోప్లాస్ట్‌లుగా ఉంటాయి. దుంపను వెలుతురులో వదిలేస్తే అవి పచ్చబడి హరితరేణువులవుతాయి. ఆ పచ్చదనంతోపాటే సోలనిన్ అనే విషం కూడా పెరుగుతుంది కాబట్టి బాగా పచ్చబడిన దుంప వండకండి.

ఇంకో సంగతి, దీన్ని మీ ఇంట్లోనే చూడొచ్చు. ఆవకాయలో ఎరుపంతా పైన తేలిన నూనెలోకి దిగుతుంది, బీట్‌రూట్ ఎరుపు ఉడికించిన నీళ్లలోకి దిగుతుంది. మిరప ఎరుపు క్రోమోప్లాస్ట్‌లోది, నూనెలో కరుగుతుంది. బీట్‌రూట్ ఎరుపు రిక్తికలోది, నీళ్లలో కరుగుతుంది. బీట్‌రూట్ ముక్కని బాగా కడిగి చన్నీళ్లలో వేస్తే నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి, అదే మరిగే నీళ్లలో వేస్తే నిమిషంలో ఎర్రనవుతాయి, వేడికి పొరలు పాడై గదులు తెరుచుకున్నాయని అర్థం. కూరగాయ ఎరుపు ఏ గదిలోదో తెలుసుకోవాలంటే ఒక గిన్నెలో నీళ్లు, ఇంకో గిన్నెలో నూనె చాలు.

మొక్కల్లో మైటోకాండ్రియా ఉంటాయా? హరితరేణువులున్నాయిగా, మళ్లీ అవెందుకు?

ఉంటాయి, ప్రతి ఆకులో, వేరులో, మొలకెత్తే గింజలో. హరితరేణువు చక్కెర తయారు చేస్తుంది, ఆ చక్కెరను కరిగించి కణమంతటికీ ఏటీపీ ఇచ్చేది మైటోకాండ్రియా. రాత్రి ఎండ లేదు, మట్టిలోని వేరుకు పగలైనా ఎండ లేదు, వాటి గతేమిటి మరి? మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ జోరులో అది మనకు తెలియదంతే. మొక్కలు పగలు ఆక్సిజన్, రాత్రి శ్వాస అని రాసే పిల్లలు ఈ ఒక్కటి సరిచేసుకోండి. గదిలో రెండు కుండీలున్నాయని రాత్రి భయపడక్కర్లేదు, అవి వదిలే కార్బన్ డయాక్సైడ్ పక్కన పడుకున్న మనిషి వదిలేదాని ముందు చాలా తక్కువ.

కరీంనగర్ వైపు ఆడ, మగ వరి అని పిలిచే హైబ్రిడ్ వరి విత్తనం పండించేవాళ్లకు దీనితో నేరుగా సంబంధం ఉంది. ఆడ వరుసలో పుప్పొడి పనిచేయదు, మగ వరుస పుప్పొడిని తాడు లాగి రాలుస్తారు. ఆడ మొక్కలో ఆ వంధ్యత్వం వచ్చేది మైటోకాండ్రియా డీఎన్ఏ వల్ల. వరిలో మైటోకాండ్రియా తల్లి మొక్క నుంచే వస్తాయి కాబట్టి ఆ గుణం తరతరానికీ నిలుస్తుంది. సజ్జ, పొద్దుతిరుగుడు హైబ్రిడ్‌లలోనూ ఇదే కిటుకు.

ప్రతి మొక్క కణానికీ కేంద్రకం ఉంటుందా?

లేదు. ఆకు నుంచి చక్కెర మోసే చాలనీ నాళ కణాలకు ముదిరాక కేంద్రకం ఉండదు, ప్రాణం మాత్రం ఉంటుంది. వాటి బాగోగులు పక్కనే ఉండే సహకణాలు చూస్తాయి. నీళ్లు మోసే దారునాళాలైతే పూర్తిగా చనిపోయిన గొట్టాలే.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కొబ్బరిబోండం. లేత బోండంలోని నీళ్లు అంకురచ్ఛదం, అంటే మొలకకు ఆహారమిచ్చే భాగం, అందులో గోడలు లేకుండా వేలకొద్దీ కేంద్రకాలు తేలుతుంటాయి. కాయ ముదిరేకొద్దీ వాటి చుట్టూ గోడలు కట్టుకుని కణాలవుతాయి, అదే పెంకుకు అంటుకున్న లేతకొబ్బరి. బోండం కొట్టించి నీళ్లు తాగి, ఆ చెక్కతో మీగడ గీరుకుని తింటున్నప్పుడు మీరు తినేది అప్పుడే గోడలు కట్టుకున్న కణాల్ని.

అంతర్జీవద్రవ్య జాలం, గాల్జీ, రైబోసోములు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

వరసలో. రైబోసోము ప్రొటీన్ తయారు చేస్తుంది, జాలం దాన్ని మడిచి సర్దుతుంది, గాల్జీ దానికి తుదిమెరుగులు దిద్ది చేరాల్సిన చోటికి పంపుతుంది. మొక్కలో గాల్జీకి ఇంకో ముఖ్యమైన పని ఉంది. కణం రెండుగా విడిపోయేటప్పుడు గాల్జీ నుంచి వచ్చిన చిన్న సంచులు మధ్యలో వరుసకట్టి కలిసిపోతాయి, కొత్త గోడ అలా మధ్యనుంచి అంచులకు పెరుగుతుంది. జంతుకణం నొక్కుకుపోయి రెండవుతుంది, మొక్క కణం మధ్యలో గోడ లేపుకుంటుంది.

లైసోసోములు, సెంట్రియోల్స్ ఉంటాయా ఉండవా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

జంతు కణంలో పాతబడిన భాగాల్ని విరగ్గొట్టే సంచి లైసోసోము. మొక్కల్లో ఆ పనిని చాలావరకు రిక్తికే చేస్తుంది, విరగ్గొట్టే ఎంజైములు అందులోనే ఉంటాయి. సెంట్రియోల్స్ (జంతు కణం విడిపోయేటప్పుడు కనిపించే చిన్న గొట్టాల్లాంటివి) పూల మొక్కల్లో ఉండవు, నాచు మొక్కలు, ఫెర్న్‌ల ఈదే పురుష కణాల్లో కనిపిస్తాయి. నీట్‌కు ఇంతవరకు చాలు.

పెరాక్సిసోము ఎందుకు?

వేరుశనగ గింజలో దాచింది నూనె. మొలకకు కావాల్సింది చక్కెర. నూనెను విరిచి చక్కెరగా మార్చే దారి గ్లైఆక్సిసోము అనే ప్రత్యేక పెరాక్సిసోములో మొదలవుతుంది. దీన్ని 1967లో మొదట విడదీసి చూపించింది మనందరికీ తెలిసిన ఆముదం గింజల్లోనే. ఆకుల్లో దీని పని వేరు, రుబిస్కో కార్బన్ డయాక్సైడ్‌కు బదులు పొరపాటున ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు జరిగిన నష్టాన్ని సర్దడంలో పాలుపంచుకుంటుంది.

ఒక కణం ఎంత పెద్దగా ఉంటుంది? కంటికి కనపడేది ఏదైనా ఉందా?

మామూలుగా 10 నుంచి 100 మైక్రోమీటర్లు. కంటికి కనపడేది కావాలంటే పత్తి చేనుకు వెళ్లండి. గుంటూరు, ఆదిలాబాద్, వరంగల్ పత్తిలో మీరు పట్టుకుని లాగే ఒక్కో పోగు ఒక్కో కణం. గింజ పైపొరలోని ఒక్క కణం పూత రోజున పొడుచుకొచ్చి మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది, తర్వాత లోపలివైపు పొర మీద పొరగా సెల్యులోజ్ పేర్చుకుంటుంది. కాయ పగిలేసరికి కణం చనిపోతుంది, రిక్తిక ఎండిపోతుంది, గోడ చదునుగా మెలితిరిగి మిగులుతుంది. మెలికలున్నాయి కాబట్టే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని దారమవుతాయి. మీరు తొడుక్కున్న నూలు చొక్కా అంతా కణకవచాలే.

బొమ్మలో అన్నీ కదలకుండా ఉంటాయి. నిజంగా కణంలో అలాగే ఉంటాయా?

ఉండవు, ఇది నేనెంత చెప్పినా పిల్లలు నమ్మరు, చూస్తేనే నమ్ముతారు. చేపల తొట్టెలో వేసే హైడ్రిల్లా ఒక రెమ్మ తెచ్చుకోండి. కొనదగ్గరి లేత ఆకు ఒకటి తుంచి నీటిచుక్కలో పెట్టండి, కోయక్కర్లేదు, ఆకు రెండు కణాల మందమే. మధ్య ఈనె పక్క కణాలు చూడండి. మొదట పచ్చటి బిళ్లలు ఊరికే ఉన్నట్టుంటాయి. ఓ ఐదు నిమిషాలు మైక్రోస్కోప్ దీపం వెలుగు తగలనివ్వండి. ఒకటి కదులుతుంది, తర్వాత దాని వెనక ఇంకొకటి, కాసేపటికి అన్నీ గోడ వెంబడి ఒకే దిక్కుకు వరసగా తిరుగుతుంటాయి, మూల దగ్గర కాస్త గుమిగూడి మళ్లీ సర్దుకుని వెళ్తాయి. నడుమ రిక్తిక ఉంది కాబట్టి చుట్టూ తిరగాల్సిందే. కణద్రవ్యంలో ఆక్టిన్ దారాల మీద మయోసిన్ ప్రొటీన్లు నడుస్తూ లాగుతుంటే ఆ ప్రవాహంలో హరితరేణువులు కొట్టుకుపోతుంటాయి. చారా అనే నీటిమొక్కలో ఈ వేగం సెకనుకు 50 మైక్రోమీటర్లు దాటుతుంది.

మొదటిసారి కదలకపోతే ఆకు మార్చండి, పసుపురంగుకు తిరిగిన పాత ఆకు వద్దు. నీళ్లు మరీ చల్లగా ఉన్నా కదలిక మందగిస్తుంది, గోరువెచ్చటి నీళ్లు వాడండి. చూస్తూ చూస్తూ స్లైడ్ ఆరిపోతుంది, కవర్ స్లిప్ అంచున ఇంకో చుక్క నీళ్లు వేస్తూ ఉండండి.